పాలమూరు పిల్ల, తెల్లాపూర్ ఆవిడ, నేను

రాయదుర్గం మెట్రో స్టేషన్ దిగి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్న ఒక టవర్‌లో నేను కోతుల వీడియోలు చూసే ఉద్యోగం చేశాను. ఈ మాట చెబితే ఎవరైనా ముందు నవ్వుతారు. చర్చిలో ఎవరైనా అడిగితే మా అత్తగారు "కంప్యూటర్ జాబేనండి" అని అక్కడితో ఆపేసేవారు.

పని అర్థం కానంత కష్టమైనదేమీ కాదు. ఎక్కడో కొండ పక్క అడవిలో ఒక కోతుల గుంపు ఉంది. దాన్ని కెమెరాలతో తీసిన వీడియోలు మాకు వచ్చేవి. ఏ కోతి ఏ క్షణంలో ఏం చేసిందో చూసి ఆ ముక్కకు ఒక పేరు తగిలించాలి. పక్కన కూర్చుంది. పేలు చూసింది. పండు వదిలేసింది. పళ్ళు చూపించింది. మేం పెట్టిన పేర్లు చూసి కంప్యూటర్ నేర్చుకుంటుంది, ఆ తర్వాత తనంతట తనే గుర్తుపడుతుంది. ఇదంతా చేయిస్తున్న పరిశోధకురాలు బెంగళూరులో ఉండేవారు. తెలుగావిడే. వారానికోసారి వీడియో కాల్‌లో మాతో మాట్లాడేవారు.

మొదటి కాల్‌లోనే ఆవిడ చెప్పారు: "మంచీ చెడ్డా అనేవి మనిషి ఒకరోజు కూర్చుని రాసుకున్నవి కావండీ. గుంపులో బతకాలంటే ఎవరితో ఎలా మసలుకోవాలో మనకంటే ముందే ఈ జీవులకు తెలుసు. అందులోంచి మనదాకా వచ్చిందేమిటో, మనం కొత్తగా కలుపుకున్నదేమిటో తెలుసుకోవాలని నా ఆశ."

ఆ వెంటనే ఒక షరతు పెట్టారు. "కోపం అని రాయకండి. పళ్ళు చూపించింది అని రాయండి. ప్రేమ, జాలి, అసూయ, ఇవేవీ కంటికి కనిపించవు. కనిపించిందే రాయండి."

నేను జువాలజీలో ఎం.ఎస్సీ. చేశాను. భీమవరం దగ్గర ఒక జూనియర్ కాలేజీలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పాను. మా ఆయనకు గచ్చిబౌలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చాక ఇక్కడికొచ్చి గోపన్‌పల్లిలో అద్దెకు దిగాం. ఆయనకు డ్యూటీలు, నాకు గోడలు. ఈ ఊళ్ళో నాకంటూ పలకరించే మనిషి లేదు. అలాంటి రోజుల్లో ఉద్యోగంలో చేరితే, పక్క సీటులో కూర్చున్న అమ్మాయి నా ముఖం చూసి, "కొత్తనా అక్కా? ఫికర్ జెయ్యకు, ఈ కోతులు కరవయి" అంది. ఆ నిమిషం నుంచి ఆ అమ్మాయి నాది అనుకున్నాను.

వాళ్ళది పాలమూరు వైపు ఊరు. అందుకే ఆఫీసులో అందరూ పాలమూరు పిల్ల అనేవాళ్ళు. వాళ్ళ అమ్మానాన్నలు గోపన్‌పల్లిలోనే ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని చేస్తూ సెల్లార్ పక్క గదుల్లో ఉండేవాళ్ళు. మా ఇంటి నుంచి రెండు వీధులు. పొద్దున్నే ఇద్దరం ఒకే షేర్ ఆటో ఎక్కేవాళ్ళం. మధ్యాహ్నం డబ్బాలు విప్పి ఇటు కూర అటు, అటు కూర ఇటు. నా గోంగూర ఆమెకు ఇష్టం, ఆమె తెచ్చే జొన్నరొట్టె నాకు ఇష్టం. సాయంత్రం తలనొప్పి అంటే నా వెనక నిలబడి కణతలు నొక్కేది. "నీ నెత్తిల ఎంత పరేషాన్ ఉన్నదక్కా" అని నవ్వేది.

మేం కోతుల్ని వాటి గుర్తులతో పిలుచుకునేవాళ్ళం. చెవి చిరిగినది, ముక్కు మీద మచ్చది, కుంటిది. చూస్తూ చూస్తూ వాటి లోకం కొద్దికొద్దిగా తెలిసివచ్చింది. పిల్లకోతి పెద్దదాని చేతిలోంచి పండు లాక్కుంటే అది ఏమీ అనదు. అదే పిల్ల కొంచెం పెరిగాక అదే పని చేస్తే పట్టుకుని కొరుకుతుంది. ఇక నీకు తెలిసి ఉండాలి అనే గీత ఒకటి ఎక్కడో గీసి ఉందన్నమాట. రెండు కొట్టుకుంటాయి, గుంపంతా బిగుసుకుపోతుంది. కాసేపటికి దెబ్బ తిన్నది మెల్లగా వెళ్ళి కొట్టినదాని పక్కనే కూర్చుంటుంది. పేలు చూడటం మొదలవుతుంది. అప్పుడు మిగతావన్నీ ఊపిరి పీల్చుకున్నట్టు మేతకు పోతాయి. ఇలాంటివి చూసినప్పుడు పాఠాలు చెప్పే రోజుల్లో కూడా కలగని సంతోషం కలిగేది. దాన్ని పంచుకోవడానికి పక్క సీటులో ఒక మనిషి ఉంది. అంతకంటే ఏం కావాలి?

అప్పుడు తెల్లాపూర్ ఆవిడ వచ్చింది.

ఆవిడది గుంటూరు. పెళ్ళయ్యాక తెల్లాపూర్‌లో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో ఉంటోంది. పిల్ల బడికి వెళ్ళడం మొదలయ్యాక, ఇంట్లో ఉండలేక, అంతకుముందు చేసిన ఉద్యోగం కంటే చిన్నదైనా పరవాలేదని ఇందులో చేరింది. మనిషి నెమ్మది. గొంతు నెమ్మది. ఆవిడలో తప్పు పట్టడానికి ఏమీ దొరకకపోవడమే నాకు మొదట కలిగిన చికాకు.

చేరిన వారంలోనే, "మీరిద్దరూ గోపన్‌పల్లి కదండీ, నేను అటు నుంచే వస్తాను, నా కారులో రండి" అంది.

ఒక్కసారి ఎక్కాను. పాలమూరు పిల్ల సంబరంగా ముందు సీటులో కూర్చుంది. నేను వెనక. ముందు ఇద్దరూ ఏదో అనుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు, ఏసీ హోరులో నాకు సగమే వినబడుతోంది. "ఏమన్నావే?" అని అడిగితే "ఏం లేదక్కా, ఊకెనే" అంది.  మరుసటి రోజు, నాకు ఏసీ కారు పడదు, వాంతి వస్తుంది అని చెప్పి షేర్ ఆటోకే వెళ్ళిపోయాను. నా కోసం ఆ పిల్ల కూడా కారు మానేస్తుందని నమ్మకం. "అయ్యో, అట్లనా అక్కా? సరే, పైలంగ రా" అని చెప్పి ఆమె కారెక్కింది.

ఇక అక్కడి నుంచి నా రోజులన్నీ వాళ్ళిద్దరి చుట్టూ తిరిగాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా ఆమె నవ్వు వినిపించేది. ఆ నవ్వు నావైపు తిరిగినదా, అటు తిరిగినదా అని చెవులు వెతికేవి. ఒకరోజు జడలో కొత్త క్లిప్పు. ఎవరిచ్చారని అడగను. అడగకుండా ఉండలేక, "బాగుందే, ఎక్కడ కొన్నావ్?" అన్నాను. "కొనలే, అండీ గారు ఇచ్చింది" అంది. తెల్లాపూర్ ఆవిడ ప్రతి మాటకూ అండీ అంటుందని ముద్దుగా పెట్టిన పేరు అది. నాకు అక్క అనే పేరు తప్ప ఇంకోటి పెట్టలేదు. ఆ పూటంతా అదే ఆలోచన.

మా ఆయనతో చెప్పాను. ఆయన నైట్ డ్యూటీ చేసి వచ్చి ఇడ్లీ తింటున్నారు.

"కారులో చోటుంది కదా, నువ్వూ ఎక్కు. గొడవేంటి?" అన్నారు.

"నేను ఎక్కితే ముగ్గురం అవుతాం."

"ముగ్గురైతే?"

ఆయన ప్లేటులో ఇంకో ఇడ్లీ వేశాను. ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుని ఈ బుద్ధి నాలోంచి తీసెయ్యమని ప్రార్థన చేశాను. కళ్ళు తెరిచేలోపే, ఇవాళ సెలవు కదా, ఆ పిల్ల తెల్లాపూర్ వెళ్ళి ఉంటుందా అని ఆలోచన వచ్చింది.

ఒక మధ్యాహ్నం పని మధ్యలో ఒక వీడియో క్లిప్పు వచ్చింది. మచ్చదీ, గుంపులో కొత్తగా కలిసిన పడుచుదీ కూర్చుని పేలు చూసుకుంటున్నాయి. చెవి చిరిగినది దూరం నుంచి చూసింది. నడిచొచ్చింది. ఎవరినీ కరవలేదు, అరవలేదు. ఊరికే ఆ రెండింటి మధ్యా సందు చేసుకుని కూర్చుని, మచ్చదానికి వీపు అప్పగించింది. పడుచుది లేచి వెళ్ళిపోయింది.

పాలమూరు పిల్ల పకపకా నవ్వింది. "కుళ్ళు చూడక్కా దానికి! నడుమల ఎట్ల దూరిందో!"

"కుళ్ళు అని రాయకూడదు" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"రాస్తలేనక్కా, అంటున్న."

తెల్లాపూర్ ఆవిడ తన కుర్చీ ఇటు తిప్పి, "పాపం, దాని ఫ్రెండ్ కదండీ, బాధ ఉండదా" అంది. జాలిగా అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ జాలి కోతి మీదా, నా మీదా? 'మధ్యలో కూర్చుంది' అని పేరు తగిలించి తర్వాతి క్లిప్పుకు వెళ్ళిపోయాను.

ఇంటికెళ్ళి మా ఊరి నుంచి అమ్మ పంపిన ఎండు రొయ్యల పొట్లం విప్పాను. దాన్ని పొదుపుగా వాడుకుంటూ వస్తున్నాను. ఆ రోజు లెక్క చూసుకోలేదు. పొద్దున్నే రొయ్యలు దోరగా వేయించి, గోంగూర వేసి, మా అమ్మ చేసినట్టే దగ్గరగా వండాను. ఒక గాజు డబ్బా నిండా పెట్టి పాలమూరు పిల్ల చేతికిచ్చాను. "నీకోసమే" అన్నాను. తెల్లాపూర్ ఆవిడ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఈ డబ్బా విప్పితే ఇక ఆవిడ ఆ పిల్ల పక్కన కూర్చోవడం కుదరదు. అంతవరకూ ఆలోచించే వండాను.

భోజనాల వేళ పాంట్రీలో మైక్రోవేవ్ దగ్గర లైను. ముందు పాలమూరు పిల్ల, ఆమె వెనకే తెల్లాపూర్ ఆవిడ, నలుగురైదుగురి తర్వాత నేను. మైక్రోవేవ్ తలుపు తెరవగానే వాసన గుప్పుమంది. నాకది మా ఇంటి వాసన. అక్కడ నిలబడిన చాలామందికి కాదని వాళ్ళ ముఖాలే చెప్పాయి.

కాఫీ మెషీన్ దగ్గరున్న ఒక మేనేజర్ గిర్రున తిరిగాడు. మా టీమ్ కాదు, అదే అంతస్తులో ఇంకో టీమ్. "ఎవరిదది? ఫ్లోరంతా కంపు. ఇదేమన్నా చేపల బజారా?" అన్నాడు. పాలమూరు పిల్ల చేతిలో డబ్బా, మెడలో కాంట్రాక్టు వాళ్ళకిచ్చే ట్యాగ్ చూశాడు. "మీకు ఇళ్ళల్లో మ్యానర్స్ నేర్పరా?"

లైనులో ఉన్నవాళ్ళంతా ఫోన్లలోకి తలలు వంచారు. ఆ పిల్ల డబ్బా మీద మూత పెట్టబోతోంది, హడావిడిలో మూత పట్టడం లేదు.

నేను లైనులోంచి బయటికి వచ్చేశాను. అన్యాయం చూసి రక్తం మరిగి వచ్చానని చెప్పుకోవచ్చు. కానీ నడుస్తూ నేను అనుకున్నది వేరు. తెల్లాపూర్ ఆవిడ ఇప్పుడు పక్కకు జరిగిపోతుంది, అప్పుడు ఈ పిల్లకు ఎవరు తనవాళ్ళో తెలుస్తుంది. అదీ నా ఆలోచన.

"ఆ కూర నాదండీ" అన్నాను.

సరిగ్గా అప్పుడే తెల్లాపూర్ ఆవిడ గొంతు. "నాదండీ. నేనే తెచ్చాను, తనను వేడి చెయ్యమన్నాను."

ఆ మేనేజర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నాకు అతని మీద ఉన్న కోపం కాస్తా ఆవిడ మీదికి మళ్ళింది. పొద్దుటి ప్రయాణం తీసుకుంది, నవ్వు తీసుకుంది, ఇప్పుడు నా కూర మీద పడాల్సిన నింద కూడా తీసుకుంటోంది!

"మీదెలా అవుతుందండీ?" అని అందరి ముందూ అడిగేశాను. "మీరు గుడ్డు కూడా తినరు కదా!"

"ఇవాళ్టి నుంచి తింటున్నానండీ" అంది ఆవిడ, అదే నెమ్మది గొంతుతో.

ఎవరో నవ్వారు. పాలమూరు పిల్ల డబ్బాను ఠక్కున బల్ల మీద పెట్టింది.

"జర ఆగుండ్రి ఇద్దరు" అంది. "డబ్బా నా చేతుల ఉన్నది. వేడి జేసింది నేను. నాకు నోరు లేదా?" తర్వాత అతనివైపు తిరిగింది. "సార్, వాసన వచ్చింది, నిజమే. గది చెప్తే మూత పెట్టి తీసుకపోతుంటి. మా ఇంట్ల ఏం నేర్పిండ్రో మీకేం ఎరుక?"

ఫోన్లలో ఉన్న తలలు లేచాయి. లైనులో ఉన్న ఒకాయన, నాకు ముఖపరిచయం కూడా లేదు, "ఇంటిదాకా వెళ్ళడం తప్పే సార్" అన్నాడు. ఇంకెవరో అవునన్నారు. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయని అతనికి తెలిసింది. "ఓకే, ఓకే, సారీ" అని గొణిగి కాఫీ కప్పు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. మర్నాడు ఘాటు వాసన వచ్చే పదార్థాలు వేడి చేయకూడదని మైక్రోవేవ్ మీద కాగితం అంటించారు. అంటే ఎవరూ పూర్తిగా గెలవలేదు.

పాలమూరు పిల్ల మా ఇద్దరితోనూ మాట్లాడటం మానేసింది. డబ్బా తన సీటు దగ్గరే తినేది. కారూ ఎక్కలేదు, నా ఆటోలోకీ రాలేదు. బస్టాపులో నేను దగ్గరికి వెళితే ఒకటే అడిగింది. "మీ ఇద్దరి నడుమ నేనేందక్కా? గుంజుకునేటందుకు పండునా?"

ఆ మాట తగిలింది. "కూర తిన్నావా?" అని అడిగాను.

"తిన్న. మంచిగుండె" అంది, ముఖం తిప్పుకునే.

ఆ వారంలోనే లిఫ్టు దగ్గర తెల్లాపూర్ ఆవిడా నేనూ ఎదురుపడ్డాం. తప్పించుకోవడానికి లేదు. ఆవిడే మొదలుపెట్టింది. "మీకు తెలుసా అండీ, మీరంటే నాకు ఎంత కుళ్ళో."

"నేనంటేనా?"

"తను కారెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా మీ మాటేనండీ. అక్క ఇట్ల చెప్పింది, అక్క గది వండింది. నేను క్లిప్పు కొనిస్తే, ఇది అక్కకు బాగుంటుంది అంది."

నా సంతోషాన్ని దాచుకోవడానికి లిఫ్టు బటన్ మళ్ళీ నొక్కాను. "మరి ఆ రోజు మీదని ఎందుకు చెప్పారు?"

"ఏమోనండీ. మీరు లైనులోంచి వస్తున్నారని కనిపించింది. మీరు వచ్చేలోపు చెప్పాలనిపించింది."

ఇద్దరం నవ్వలేదు. కానీ అప్పటి నుంచి ఆవిడ ముఖం చూస్తే నా మనసు కాస్త నెమ్మదించేది. నాలాంటి మనిషే అని తెలిసిపోయింది.

తర్వాతి కాల్‌లో పని మాటలు అయ్యాక పరిశోధకురాలిని ఆపి అడిగాను. "మేడమ్, ఒక కోతి ఇంకోదాన్ని కాపాడటానికి వెళ్ళిందనుకోండి. మంచితనంతో వెళ్ళలేదు, మూడోది తనకంటే ముందు వెళ్ళకూడదని వెళ్ళింది. దాన్ని ఏమనాలి?"

ఆవిడ అన్నారు: "కాపాడింది అనాలి. ఎందుకు వెళ్ళిందో నాకు ఎప్పటికీ తెలియదండీ. పోటీ పడో, భయపడో, అలవాటుగానో. దెబ్బ తినబోయినది మాత్రం తప్పించుకుంది, గుంపు నిలబడింది. మంచి అనేది మొదట్లో అలాగే పుట్టి ఉంటుందని నా అనుమానం, కలగాపులగంగా. తనకు సంబంధం లేని అన్యాయం చూసి లైనులో వెనకెక్కడో ఉన్నవాడికి కోపం రావడం, అది మనుషుల్లో బాగా ముదిరింది. ఎందుకు చేశావని గుచ్చి గుచ్చి అడగడం కూడా మనుషుల జబ్బే."

లైను సంగతి మేడమ్‌కెలా తెలుసని ఉలిక్కిపడి చూస్తే, స్క్రీన్‌లో తెల్లాపూర్ ఆవిడ తల వంచుకుని ఉంది. ఈవిడ కూడా ఇదే ప్రశ్న మేడమ్‌ని అడిగేసిందన్నమాట. అందులోనూ నాకంటే ముందే.

పాలమూరు పిల్ల అలక ఎక్కువ కాలం నిలవలేదు. ఒకరోజు వాళ్ళ ఊరి నుంచి వచ్చిన పల్లికాయ ఉడకబెట్టి తెచ్చి, మా ఇద్దరి సీట్ల మధ్య పేపరు పరిచి కుప్పగా పోసింది. "తినుండ్రి. ఇగ చాలు" అంది. కుర్చీలు దగ్గరికి జరుపుకుని ముగ్గురం ఒలుచుకుని తిన్నాం. ఆమె కుర్చీ ఎవరికి దగ్గరగా ఉందో నేను గమనించాను. తెల్లాపూర్ ఆవిడ కూడా గమనించడం నాకు కనిపించింది.

కొన్ని నెలలకు ఆ వీడియోల పని అయిపోయింది. నన్నూ తెల్లాపూర్ ఆవిడనూ రోడ్ల వీడియోల మీద వేశారు. ఇప్పుడు బళ్ళకూ, మనుషులకూ, ఆవులకూ పేర్లు పెడుతున్నాం. పాలమూరు పిల్లకు నానక్‌రామ్‌గూడలో ఇంకో కంపెనీలో మంచి ఉద్యోగం వచ్చింది. వెళ్ళేరోజు ఇద్దరినీ పట్టుకుని ఏడ్చింది. నన్ను పట్టుకున్నప్పుడు ఎక్కువసేపు ఏడ్చిందని నా లెక్క.

నేను ఇప్పుడు తెల్లాపూర్ ఆవిడ కారులోనే వస్తున్నాను, ముందు సీటులో. ఏసీ పడుతోంది. మా మధ్య మాటలు ఎప్పుడూ ఒకచోటుకే చేరతాయి.

"నిన్న రాత్రి నాకు ఫోన్ చేసింది" అంటాను.

"అవునా అండీ? నాకు పొద్దున మెసేజ్ పెట్టింది" అంటుంది ఆవిడ.

మొన్న నల్లగండ్ల దగ్గర ట్రాఫిక్‌లో ఉండగా ఆవిడ ఫోన్ మోగింది. ఆమే. నాకు కాకుండా ఆవిడకు చేసింది.  ఆవిడ స్పీకర్ పెట్టింది.

"అక్క ఉన్నదా పక్కన?" అంది పాలమూరు పిల్ల. నేను ఆవిడవైపు చూడకుండా ఉండటానికి చాలా ప్రయత్నించాను. "ఇద్దరు ఇనుండ్రి. నేను ఈడ మస్తుగున్న. కొత్తల జర భయమైంది గాని, ఈడ ఒక వరంగల్ అక్క దొరికింది. పొద్దుగాల నుంచి ఆమెతోనే. కూర గూడ ఆమెనే తెస్తది. ఏం మంచి మనిషి అనుకున్నరు!"

"మంచిదేనండీ" అంది తెల్లాపూర్ ఆవిడ.

"చాలా సంతోషం" అన్నాను నేను.

ఫోన్ పెట్టేశాక సిగ్నల్ పచ్చగా మారినా ఆవిడ కారు కదిలించలేదు. వెనక హారన్లు మోగుతున్నాయి.

"ఎవరండీ ఆ వరంగల్ ఆవిడ?" అంది.

"ఎవరో ఏంటో. కూర తెస్తుందట" అన్నాను.